నెమ్మదిగా తిరగలేని స్టిర్రర్ మనకెందుకు?

మా భీమవరం చుట్టుపక్కల ఎవరైనా ఆక్వా ల్యాబు, అంటే చేపల, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించేది, పెడుతున్నారంటే మైక్రోస్కోపు గురించి పదిమందిని అడుగుతారు. పీహెచ్ మీటరు ఏ కంపెనీది మంచిదో ఆరా తీస్తారు. ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవు దగ్గర గంటసేపు బేరమాడతారు. పాత్రలో వేసిన చిన్న అయస్కాంతాన్ని కింద నుంచి తిప్పి నీళ్లు కలిపే మ్యాగ్నెటిక్ స్టిర్రర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అదీ ఒకటి వేసెయ్యండి, హీటరున్నదే వెయ్యండి" అని డీలరుకి వదిలేస్తారు. డీలరుకి కావలసిందీ అదే. రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు), ఐదు లీటర్లు, మూడొందల డిగ్రీలు అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నదొకటి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోతాడు.

ఆ మూడు అంకెల్లో ఒక్కటి కూడా మన ల్యాబుకి పనికొచ్చేది కాదని నా వాదన. స్టిర్రర్ ఎంత జోరుగా తిరుగుతుందో కంపెనీవాళ్లు చెబుతారు. ఎంత నెమ్మదిగా, ఆగకుండా, తడబడకుండా తిరుగుతుందో మనం అడిగితే తప్ప చెప్పరు. మన డెల్టాలో నీళ్ల పరీక్షలు చేసేవాడికి రోజంతా కావలసింది ఆ రెండోదే.

ఎందుకో చెప్పాలంటే ముందు ఈ ల్యాబుల్లో జరిగే పనేమిటో చూడాలి. పొద్దున్న ఏడింటికల్లా ఆకివీడు నుంచి, కాళ్ల నుంచి, మొగల్తూరు నుంచి తాగేసిన మంచినీళ్ల బాటిళ్లలో చెరువు నీళ్లు పట్టుకుని రైతులో, వాళ్ల చెరువు చూసే కుర్రాళ్లో వచ్చేస్తారు. బాటిల్ మీద స్కెచ్ పెన్నుతో పేరు, చెరువు నంబరు. పీహెచ్, సెలినిటీ, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా, నైట్రైట్ చూడాలి. మధ్యాహ్నంలోపు రిపోర్టు కావాలి, ఎందుకంటే సాయంత్రానికి మినరల్స్ కొట్టాలా వద్దా తేల్చుకోవాలి. చాలాచోట్ల ఈ ల్యాబు మేత, మందుల షాపు వెనక గదిలోనే ఉంటుంది. పరీక్ష ఉచితం, మందు కొనడం మటుకు అక్కడే. ఆ పద్ధతి మంచిచెడ్డల గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇందులో స్టిర్రర్‌కి పని తగిలేది ముఖ్యంగా మూడు టైట్రేషన్లలో: ఆల్కలినిటీ, మొత్తం హార్డ్‌నెస్, కాల్షియం. టైట్రేషన్ అంటే బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టం నుంచి రంగు మారేదాకా చుక్కచుక్కగా రసాయనం వేసి, ఎంత పట్టిందో చూసి లెక్కకట్టడం. మూడూ ఒకటే అనుకుంటారు. కాదండీ.

ఆల్కలినిటీ, అంటే ఆసిడ్‌ని తట్టుకునే గుణం, మనిషిని క్షమిస్తుంది. 50 మి.లీ. నీళ్లు తీసుకుని 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో చేస్తే బ్యూరెట్ నుంచి పడే ఒక్కో చుక్క, అంటే సుమారు 0.05 మి.లీ., 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) కింద లెక్క. మూడు చుక్కలు ఎక్కువ పడినా 150 పీపీఎం కాస్తా 153 అవుతుంది. దాని వల్ల ఎవరి చెరువూ మునిగిపోదు.

హార్డ్‌నెస్, అంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తం, అలా కాదు. మన చెరువుల్లో ఉప్పునీళ్లు. సముద్రపు నీటి హార్డ్‌నెస్ ఆరు వేల పీపీఎం పైచిలుకు ఉంటుంది కాబట్టి 10 పీపీటీ (లీటరుకి పది గ్రాముల ఉప్పు) సెలినిటీ ఉన్న చెరువులో కూడా సుమారు 1800 ఉండొచ్చు. 50 మి.లీ. శాంపిల్ అలాగే పెట్టి చేస్తే బ్యూరెట్ రెండుసార్లు నింపాల్సి వస్తుంది. అందుకని 5 మి.లీ. శాంపిల్ తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో 50కి కలుపుతాం. ఇప్పుడు 0.01 మోలార్ ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియాలని పట్టేసే రసాయనం) ఒక్క చుక్క 10 పీపీఎంతో సమానం. కొందరు ఈడీటీఏ పొదుపు అని 1 మి.లీ. శాంపిలే తీసుకుంటారు, అప్పుడు చుక్క 50 పీపీఎం.

ఈ లెక్క చెరువు దాకా లాగి చూడండి. కాల్షియం టైట్రేషన్‌లో మ్యూరెక్సైడ్ అనే ఇండికేటర్, అంటే ఎప్పుడు ఆపాలో రంగు మార్పుతో చెప్పే పదార్థం, వేస్తాం. గులాబీ రంగు నుంచి ఊదా రంగుకి మారుతుంది, అదీ ఒక్కసారిగా కాదు, మెల్లగా జారుకుంటూ. ఎక్కడ ఆపాలో కొత్త కుర్రాడికి ఎప్పుడూ అనుమానమే. మూడు చుక్కలు దాటిపోయిందనుకుందాం. 5 మి.లీ. శాంపిల్ మీద అది 30 పీపీఎం. మెగ్నీషియం మనం విడిగా కొలవం, మొత్తం హార్డ్‌నెస్‌లోంచి కాల్షియం హార్డ్‌నెస్ తీసేసి 0.243తో హెచ్చవేస్తాం. అంటే కాల్షియంలో ఎక్కువ పడిన మూడు చుక్కల వల్ల మెగ్నీషియం లీటరుకి 7 మిల్లీగ్రాముల పైన తక్కువ కనిపిస్తుంది. ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు, అంటే సుమారు 4850 ఘనపు మీటర్ల నీళ్లు. లేని ఆ లోటు పూడ్చడానికి 35 కిలోల మెగ్నీషియం కావాలి. బజారులో దొరికే మెగ్నీషియం క్లోరైడ్‌లో మెగ్నీషియం నూటికి 12 పాళ్లే కాబట్టి దాదాపు 300 కిలోలు. 25 కిలోల బస్తాలు పన్నెండు. రిపోర్టు చూసి ఎవరూ లెక్కకి లెక్క అంతా ఒకేసారి కొట్టరనుకోండి, అయినా ఆ బస్తాల బిల్లు మొదలయ్యేది ఆ మూడు చుక్కల దగ్గరే.

ఆ మూడు చుక్కల తప్పుకీ స్టిర్రర్‌కీ సంబంధం ఉంది. మొత్తం హార్డ్‌నెస్‌లో ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే ఇండికేటర్ వేస్తే నీళ్లు వైన్ ఎరుపులోకి వస్తాయి. చివర్లో ఎరుపు పోయి, కాస్త ఊదా కనిపించి, శుద్ధమైన నీలం తేలాలి. ఆ చివరి ఘట్టంలో ఇండికేటర్ పట్టుకున్న మెగ్నీషియాన్ని ఈడీటీఏ లాక్కోవడానికి కొంచెం టైం పడుతుంది. చుక్క వెయ్యాలి, రెండు మూడు సెకన్లు చూడాలి, మళ్లీ చుక్క. ఈలోపు ఫ్లాస్కులో నీళ్లు అన్నివైపులా ఒకేలా కదలాలి, పైన అద్దంలా కదలకుండా ఉండాలి, రంగు స్పష్టంగా కనబడాలి. స్టిర్రర్ జోరుగా తిరిగితే మధ్యలో సుడి పడుతుంది. బుడగలు వస్తాయి, రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది, తుంపర్లు గోడలకి అంటుకుంటాయి. గోడకి అంటుకున్న బొట్టులో ఉన్న కాల్షియం టైట్రేషన్‌లోకి రాదు, మనం ఆపేశాక జారి వచ్చి మళ్లీ ఎరుపు తెప్పిస్తుంది. కుర్రాడు ఇంకో చుక్క వేస్తాడు.

పోనీ నెమ్మది చేద్దామని నాబ్ తిప్పితే? ఇక్కడే చవక స్టిర్రర్ల బండారం బయటపడుతుంది. నాబ్ మీద సున్నా నుంచి పది వరకూ గీతలుంటాయి. మూడు దాకా ఏమీ తిరగదు. మూడున్నర దగ్గర ఒక్కసారి ఉలిక్కిపడి లేచి, సరాసరి ఆరేడు వందల ఆర్‌పీఎంకి పోతుంది. అప్పుడు వెనక్కి తిప్పితే కాసేపు నెమ్మదిగా తిరిగి ఆగిపోతుంది. మనకి కావలసిన 150 నుంచి 300 ఆర్‌పీఎం మధ్య నిలిచే చోటు ఆ నాబ్ మీద అసలు ఉండదు.

కారణం లోపలి మోటారు. చవక వాటిలో ఉండేది చాలావరకు పాత టేబుల్ ఫ్యాన్లలో వాడే రకం చిన్న ఏసీ మోటారు, దానికో రెగ్యులేటరు. వోల్టేజీ తగ్గించి వేగం తగ్గించడం ఆ రెగ్యులేటరు పని. వేగంతోపాటు బలం కూడా తగ్గిపోతుంది కాబట్టి కింది స్థాయిలో తన బరువు తానే మోయలేదు. బ్రష్‌లెస్ డీసీ మోటారు పెట్టి, వేగాన్ని తనే కొలుచుకుని సరిచేసుకునే సర్క్యూట్ ఉన్నవైతే వంద ఆర్‌పీఎం దగ్గర కూడా నిలబడతాయి. మూడో రకంలో అసలు మోటారే ఉండదు, ప్లేటు కింద వరుసగా కాయిల్స్ ఉంటాయి, కరెంటే గుండ్రంగా తిరుగుతుంది. పల్చగా, చప్పుడు లేకుండా ఉంటాయి, అరిగే భాగమే లేదు. నీళ్లలాంటి పల్చటి ద్రవానికి బాగా పనిచేస్తాయి, చిక్కటి మీడియాకి (బాక్టీరియాని పెంచే జావకి) మటుకు పట్టు చాలకపోవచ్చు.

ఈ యంత్రం మూలసూత్రం చూస్తే కొత్తదేం కాదు. ఆర్థర్ రోసింజర్ అనే ఆయనకి అమెరికాలో 1944 జూన్ 6న పేటెంటు వచ్చింది: కింద తిరిగే అయస్కాంతం, పైన పాత్రలో పూత వేసిన ఇంకో అయస్కాంతం. ఎనభై ఏళ్లు దాటినా అదే. కాబట్టి డీలరు "లేటెస్ట్ టెక్నాలజీ అండీ" అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మోటారు ఏ రకం, కనిష్ఠ వేగం ఎంత? డిజిటల్ డిస్‌ప్లే చూపించి తప్పించుకుంటే ఒప్పుకోకండి. కొన్ని డిస్‌ప్లేలు మోటారు నిజంగా తిరిగే వేగం చూపించవు, మనం నాబ్‌తో అడిగిన వేగం చూపిస్తాయి. బీడ్, అంటే పాత్రలోని ఆ అయస్కాంతం, ఆగిపోయి పక్కకి పడిపోయినా తెర మీద 300 అని వెలుగుతూనే ఉంటుంది.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చెరువు నీళ్లలోకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఒకేసారి వేసే వేళల్లో మన ఊళ్లలో వోల్టేజీ ఎలా ఊగుతుందో తెలిసిందే. రెగ్యులేటరు రకం స్టిర్రర్ వోల్టేజీతో పాటు తనూ ఊగుతుంది, చవక ఇన్వర్టర్ మీద పెడితే గుయ్‌మని మూలుగుతూ వేడెక్కుతుంది. చిన్న అడాప్టర్ పెట్టి 12 లేదా 24 వోల్టుల డీసీ మీద నడిచేది అయితే ఈ బాధ చాలావరకు ఉండదు. ఇంకో పరీక్ష: నడుస్తుండగా స్విచ్చి ఆపి, మళ్లీ వెయ్యండి. కొన్ని నాబ్ ఎక్కడుంటే అక్కడికి ఒక్క దూకు దూకుతాయి, బీడ్ పట్టు తప్పి గాజు మీద టకటకా కొట్టుకుంటుంది. కొన్ని మెల్లగా పుంజుకుంటాయి. కొన్ని మనం బటన్ నొక్కేదాకా కదలవు. వేడి లేని స్టిర్రర్‌కి రెండోది బాగుంటుంది. హీటర్ ఉన్నదానికి మూడోదే ఉండాలి, ఎందుకంటే కరెంటు పోయినప్పుడు మనం టీకి వెళ్తాం, వచ్చేసరికి ప్లేటు ఖాళీ ఫ్లాస్కుని కాలుస్తూ ఉండకూడదు.

పీహెచ్ గురించి ఒక మాట. తెల్లవారుజామున చెరువు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటుంది, అందుకే పొద్దున పీహెచ్ తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. ఆ నీళ్లని సుడి తిరిగేలా కలిపితే గ్యాసు గాలిలోకి పోయి పీహెచ్ పైకి పాకుతుంది. మొత్తం ఆల్కలినిటీ మారదు గానీ పీహెచ్ మారిపోతుంది, దాన్నిబట్టి లెక్కగట్టే విషపు అమ్మోనియా అంకె కూడా దాంతో మారిపోతుంది. అంటే రైతు తెచ్చిన నీళ్లు ఒకటి, మనం కొలిచిన నీళ్లు ఇంకొకటి. పీహెచ్ చూసేటప్పుడు నీళ్లు కదిలీ కదలనట్టుండాలి. మీటరు ఎలక్ట్రోడ్ పక్కకి, బీడ్‌కి బాగా పైన పెట్టాలి. దాని కొనన ఉండే గాజు బుడ్డి బీడ్ దెబ్బకి పగిలితే స్టిర్రర్ ధరలో సగం పోతుంది.

ఇక హీటర్. కలపడానికి ఒకటి, కాచడానికి ఇంకొకటి కొనమంటాను, అందరూ అడ్డం తిరిగేది ఇక్కడే.

"రెండు పనులూ ఒకదాంతో అయిపోతుంటే రెండు కొనమంటావేంటి?" అని మా ఊళ్లో ల్యాబు పెడుతున్న రాజుగారొకాయన నన్ను నిలదీశారు. "రాజుగారూ, మీరు రోజుకెన్ని టైట్రేషన్లు చేస్తారు, వారానికెన్నిసార్లు మీడియా కాస్తారు?" అన్నాను. ఆయన నవ్వి, "ఆయ్, మీడియా ఆదివారం ఒక్కసారేనండీ" అన్నారు. సగం వాదన అక్కడితోనే తేలిపోయింది గానీ మిగతా సగం కూడా చెబుతాను.

మన ల్యాబుల్లో మీడియా అంటే ప్రధానంగా టీసీబీఎస్ అగార్, విబ్రియో అనే బాక్టీరియా కాలనీలు లెక్కపెట్టడానికి. పసుపు కాలనీలెన్ని, ఆకుపచ్చవి ఎన్ని అని రైతులు కూడా ఇప్పుడు అడుగుతున్నారు. ఈ పొడి లీటరుకి 89 గ్రాములు పడుతుంది. ఆటోక్లేవులో పెట్టకూడదు. నీళ్లలో కలిపి, కలుపుతూనే మరిగించి, 50 డిగ్రీల దగ్గరికి చల్లారాక ప్లేట్లలో పొయ్యాలి. అగార్ చిక్కబడి అడుగంటుతుంది కాబట్టి ఇక్కడ స్టిర్రర్‌కి నిజంగా బలం కావాలి, పొడి చల్లేటప్పుడు సుడి కూడా కావాలి. పొంగుతుంది కాబట్టి లీటరు మీడియాకి రెండు లీటర్ల ఫ్లాస్కు, దానికి 40 నుంచి 50 మిల్లీమీటర్ల బీడ్. టైట్రేషన్‌కి ఏవి వద్దన్నామో ఇక్కడ అవే కావాలి. ఒక్క యంత్రం రెండు చివర్లా బాగా చెయ్యాలంటే ఐకా, హైడోల్ఫ్ లాంటి జర్మనీ కంపెనీల మంచి మోడళ్ల ధర పెట్టాలి. చవకలో టూ ఇన్ వన్ అంటే పైచివర బాగుండి, కిందిచివర పోయినదే దొరుకుతుంది.

పైగా, మూడొందల డిగ్రీలన్న అంకెని నమ్ముకుని కొన్నవాళ్లకి మీడియా మరగడానికి ముప్పావు గంట ఎందుకు పడుతోందో అర్థం కాదు. ప్లేటు ఎన్ని డిగ్రీలకి చేరుతుందన్నది ఖాళీ ప్లేటు సంగతి. చూడాల్సింది వాట్లు. లీటరు నీళ్లని 30 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 293 కిలోజౌళ్లు కావాలి. 500 వాట్ల ప్లేటు, వేడి కొంచెం కూడా వృథా కాదనుకుంటే, దానికి పది నిమిషాలు తీసుకుంటుంది. గాజు, గాలి, ఫ్లాస్కు అడుగు సమంగా ఆనకపోవడం అన్నీ కలిపి ఇరవై అనుకోండి. చిన్న టూ ఇన్ వన్‌లలో ఉండేది చాలాసార్లు రెండు మూడొందల వాట్లే.

అన్నిటికన్నా చిరాకు వేరే ఉంది. మీడియా కాచిన ప్లేటు అరగంట దాటినా చల్లారదు. ఈలోపు శాంపిళ్లు క్యూ కడతాయి. ఆ వేడి ప్లేటు మీద హార్డ్‌నెస్ ఫ్లాస్కు పెడితే పీహెచ్ 10 కోసం వేసిన అమ్మోనియా బఫర్ ముక్కు పగిలేలా వాసన కొడుతూ ఎగిరిపోతుంది, బఫర్ పోతే రంగు మార్పు మసకబారుతుంది. హీటర్ లేని మామూలు స్టిర్రర్ కూడా ఎక్కువసేపు నడిస్తే మోటారు వేడి పైకి వస్తుంది, అదీ చూసుకోవాలి.

కాబట్టి నా మాట: టైట్రేషన్ బల్ల మీద హీటర్ లేని, నెమ్మదిగా తిరిగే చిన్న స్టిర్రర్ ఒకటి. మీడియాకి విడిగా మామూలు హాట్ ప్లేటు, గాజు కడ్డీ, ఓపిక. ఆదివారం ఇరవై నిమిషాలు కడ్డీతో కలపలేమా? చిన్న స్టిర్రర్ ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది, 500 వాట్ల ప్లేటు అంత హాయిగా నడవదు. అందుకే కరెంటు పోయినా టైట్రేషన్లు ఆగవు. డబ్బులకి ఇబ్బంది లేకపోతే మీడియాకి కూడా రెమీ లాంటి దేశీ కంపెనీల హీటర్ స్టిర్రర్ కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు, టైట్రేషన్ బల్ల దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వకండి.

పై ప్లేటు ఏ లోహం అన్నది ఊళ్లని బట్టి ఉంటుంది. హైదరాబాదులో చెల్లేది నరసాపురంలో చెల్లదు. గాలిలోనే ఉప్పు, బల్ల మీద ఒలికేవి ఉప్పునీళ్లు. అల్యూమినియం ప్లేటు వేడిని సమంగా పంచుతుంది, నిజమే. ఉప్పునీళ్ల చుక్కలు ఆరి ఆరి దాని మీద చిన్నచిన్న గుంటలు పడతాయి, ఆసిడ్ పడితే ఇంకా త్వరగా. స్టీలు నయం. తెల్లటి సెరామిక్ పూత ఉన్నది అన్నిటికన్నా నయం, తుడిచేస్తే పోతుంది, పైగా తెల్లటి నేపథ్యం మీద రంగు మార్పు బాగా కనబడుతుంది. స్టీలు కొంటే ఫ్లాస్కు కింద తెల్ల కాగితం ముక్కైనా పెట్టుకోవాలి. ప్లేటుకన్నా ముందు పోయేవి మాత్రం అడుగున ఉన్న స్క్రూలు, నాబ్ వెనకున్న కాంటాక్టులు. తిరగేసి చూడండి. మామూలు ఇనుప స్క్రూలుంటే రెండో వర్షాకాలానికి విప్పడానికి రావు. అడుగున గాలి కోసం పెద్ద పెద్ద చీలికలుంటే చీమలు కాపురం పెడతాయి. నాబ్ చుట్టూ రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి, ఒలికిన నీళ్లు లోపలికి పోయేది ఎక్కువగా అక్కడి నుంచే.

ఇక బీడ్. కేటలాగుల్లో దీన్ని స్టిర్ బార్ అంటారు. యంత్రం మీద వేలు ఖర్చు పెట్టి, బీడ్ దగ్గర అందులో వచ్చిందేదో వాడేస్తారు. 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కు అడుగు ఎనిమిది సెంటీమీటర్ల పైన ఉంటుంది. అందులో 50 మి.లీ. నీళ్లు పోస్తే లోతు ఎంతనుకున్నారు? ఒక్క సెంటీమీటరు. పెట్టెలో వచ్చే బీడ్ ఎనిమిది మిల్లీమీటర్ల మందం. అంటే నీళ్లలోంచి దాని వీపు ఇంచుమించు బయటికి కనబడుతూ ఉంటుంది, ఏటి గట్టున ఇసుకలో ఇరుక్కున్న పడవలా. తిరగడం మొదలెట్టగానే నీళ్లని కలపదు, చిమ్ముతుంది. వేగం తగ్గించినా పూర్తిగా మానదు. మందు ఇది: 6 మిల్లీమీటర్ల మందం, 25 పొడవు ఉన్న సన్న బీడ్ తీసుకోండి. లేదంటే 100 మి.లీ. బీకర్‌లో చెయ్యండి, అక్కడ అదే 50 మి.లీ. రెండున్నర సెంటీమీటర్ల పైన లోతుంటుంది. ఇంత చిన్న మార్పుతో, అంతంతమాత్రం స్టిర్రర్ కూడా సగం దారికొస్తుంది. కొత్తది కొనేముందు ఇది చేసి చూడమని అందరికీ చెబుతుంటాను. డీలర్లకి నా మీద కోపం ఉంటే దీనికే ఉండాలి.

మధ్యలో ఉంగరంలాంటి గీత ఉన్న బీడ్ అడుగుకి తక్కువగా రాసుకుంటుంది, అడుగు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉన్న బీకర్లలో అది నయం. బీడ్ అంచున టెఫ్లాన్ పూత ఊడి లోపలి లోహం కనిపిస్తే పారెయ్యండి, ఉప్పునీళ్లలో తుప్పు పట్టి ఇనుము వదులుతుంది, ఆ ఇనుము ఎరియోక్రోమ్‌ని పట్టుకుని నీలం రానివ్వదు.

కొనేముందు షాపులో చెయ్యాల్సిన పని ఒకటుంది, సిగ్గుపడకండి. మీరు రోజూ వాడే ఫ్లాస్కు, మీ బీడ్ సంచిలో పెట్టుకుని వెళ్లండి. 50 మి.లీ. నీళ్లు పోసి, నాబ్‌ని సున్నా నుంచి వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. ఎక్కడ కదలడం మొదలెట్టిందో, అక్కడ నిలకడగా ఉందో చూడండి. ఒక ఇంకు చుక్క వెయ్యండి. రెండు మూడు సెకన్లలో సుడి లేకుండా ఫ్లాస్కంతా ఒకే రంగైతే చాలు. తర్వాత వెనక్కి తిప్పి, అది ఆగే చోటు చూడండి. మొదలయ్యే చోటుకీ ఆగే చోటుకీ మధ్య ఎంత దూరముంటే ఆ మోటారు అంత బలహీనం. అరగంట అలా వదిలేసి, నీళ్లలో థర్మామీటరు పెట్టి మొదట్లో ఎంత, ఇప్పుడెంత చూడండి. మీడియాకి కూడా కొంటుంటే చిక్కటి దాంతో పరీక్షించాలి. గ్లిజరిన్ ఉంటే సరే, లేకపోతే చల్లారిన బెల్లం పాకం పట్టుకెళ్లండి. ఐదు లీటర్లని పెట్టె మీద రాసింది నీళ్ల లెక్క, పాకం లెక్క కాదు. పాకంలో బీడ్ పట్టు తప్పిందా, అగార్‌లోనూ తప్పుతుంది.

ఇంత రాశాక ఇంకో సంగతి దాచడం బాగుండదు. వారానికి పది శాంపిళ్లు చేసే ల్యాబుకి స్టిర్రర్ అక్కర్లేదు. కుడిచేత్తో బ్యూరెట్ కాక్ పట్టుకుని, ఎడంచేత్తో ఫ్లాస్కుని మణికట్టుతో తిప్పే పాతకాలపు పద్ధతి ఏ యంత్రానికీ తీసిపోదు. ఆ చెయ్యి తిరిగిన టెక్నీషియన్‌కి ఎండ్ పాయింట్ ముందే తెలిసిపోతుంది. స్టిర్రర్ అవసరం పడేది రోజుకి అరవై డెబ్బై శాంపిళ్లు వచ్చి, మధ్యాహ్నానికి చెయ్యి మొద్దుబారినప్పుడు. అప్పుడు కూడా అది తీసుకునేది ఎడంచేతి పనే. కంటి పనిని అది తీసుకోదు.

మట్టి పరీక్షలు చేసేవాళ్లు కూడా స్టిర్రర్ అడుగుతున్నారు. మట్టి పీహెచ్‌కి ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి చూస్తారు. మన డెల్టా నల్లమట్టి ఆ నీళ్లలో జిగురులా తయారై చిన్న బీడ్‌ని కదలనివ్వదు, అందులో ఇసుకుంటే టెఫ్లాన్ పూతని గీకేస్తుంది. దానికి గాజు కడ్డీయే మేలు.

స్టిర్రర్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎవరూ అడగరు. ఎలక్ట్రానిక్ త్రాసు పక్కన మాత్రం వద్దు. అందులో చాలావాటికి బరువు తూచే పద్ధతే అయస్కాంతంతో ముడిపడి ఉంటుంది, పక్కన ఇంకో అయస్కాంతం గిరగిరా తిరుగుతుంటే నాలుగో దశాంశం నిలబడదు. అవతలి బల్ల మీద పెట్టండి.

మీడియాకి బీడ్ కొనేటప్పుడు అయస్కాంతం ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి. మామూలు నియోడిమియం బీడ్ చిన్నదైనా పట్టు గట్టిది, కాకపోతే 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది. మరిగే టీసీబీఎస్‌లో వేస్తే కొద్ది నెలల్లో మామూలు ప్లాస్టిక్ ముక్కైపోతుంది, మనం స్టిర్రర్ పోయిందనుకుంటాం. వేడి పనికి సమేరియం కోబాల్ట్ గానీ ఆల్నికో గానీ అడగాలి. ఆల్నికో చవక, వేడికి బెదరదు గానీ బలమైన అయస్కాంతం పక్కన పడేస్తే నీరసిస్తుంది. కాబట్టి నియోడిమియం వాటితో కలిపి ఒకే డబ్బాలో పొయ్యకండి. రెండు డబ్బాలు, మీద రెండు రంగుల టేపు.